నెట్ లేని స్టూడియోకు రేడియో సాఫ్ట్‌వేర్: ఇన్‌స్టాల్ ప్యాకేజీలు ఎలా ఉండాలి?

ఓరుగల్లు_తరంగం (హన్మకొండ)

అందరికీ నమస్తే. ములుగు వైపు ఒక మహిళా సంఘం వాళ్లు కమ్యూనిటీ రేడియోకు సిద్ధమవుతున్నారు. లైసెన్సు పని ఒక పక్క నడుస్తోంది, స్టూడియో కంప్యూటర్ సిద్ధం చేసే పని నేను తీసుకున్నాను. లిబ్రేటైమ్ (రేడియో కార్యక్రమాలు నడిపే సాఫ్ట్‌వేర్) పెడదామని అనుకున్నాం. సాఫ్ట్‌వేర్ మీద నాకు ఫిర్యాదు లేదు. షెడ్యూల్ వేయడం, పాటల లైబ్రరీ, లైవ్‌లోకి మారడం, అన్నీ బ్రౌజర్‌లోనే అయిపోతాయి. ఇబ్బందంతా ఇన్‌స్టాల్ దగ్గరే.

తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. దీని మూలం ఎయిర్‌టైమ్. 2017లో దాన్నుంచి విడిపోయి లిబ్రేటైమ్ అయింది. ఎయిర్‌టైమ్ రోజుల్లో డెబ్ ప్యాకేజీలు (డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఫైళ్లు) ఉండేవి, ఆప్ట్ అనే ఇన్‌స్టాల్ ఆదేశంతో పెట్టుకునేవాళ్లు. ఇప్పుడున్నవి ఇన్‌స్టాల్ స్క్రిప్టు, లేదంటే డాకర్ (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి ఒక డబ్బాలా, అంటే కంటైనర్‌గా, నడిపే పద్ధతి). స్క్రిప్టు నడుస్తున్నంతసేపూ నెట్ కావాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రాబిట్‌ఎంక్యూ, ఎన్‌జిన్‌ఎక్స్, పీహెచ్‌పీ, పైథాన్ లైబ్రరీలు, పాటలను వరసగా స్ట్రీమ్‌గా మార్చే లిక్విడ్‌సోప్, దాన్ని నెట్‌లో వినిపించే ఐస్‌కాస్ట్... ఇన్ని దిగాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద పెడుతుంటే సగంలో లైన్ పోతుంది. ఏది ఎక్కింది, ఏది ఎక్కలేదు అన్నది అక్కడ కూర్చున్న మనిషికి తెలిసే దారి లేదు.

అందుకే అడుగుతున్నాను. మనమే ఒక డెబ్ ప్యాకేజీల సెట్ తయారు చేద్దామా? మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టాలి. మంచి ప్యాకేజీ అంటే ఏమిటో మాత్రం ముందే ఒప్పుకుందాం. నెట్ లేకుండా ఎక్కాలి. మధ్యలో కరెంటు పోయి వచ్చినా మిగిలిన పని పూర్తి కావాలి. కొత్త వెర్షన్ వేస్తున్నప్పుడు ప్రసారం ఆగకూడదు. ప్యాకేజీ తీసేసినా ఆడియో ఫైళ్ల జోలికి పోకూడదు. ఈ చివరిది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఊళ్లో ఒక అవ్వ పాడిన బతుకమ్మ పాట రికార్డింగ్ పోతే ఇంకెక్కడి నుంచీ తేలేం.

కాజీపేట_జంక్షన్

అన్నా, డెబ్ ఎందుకు? డాకర్ ఉంది కదా. అజురాకాస్ట్ అనే ఇంకో రేడియో సాఫ్ట్‌వేర్ వాళ్లు డాకర్ మీదే ఇస్తున్నారు. ఇమేజ్‌లు (ఆ డబ్బాల మూసలు) ఇక్కడ సేవ్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి అక్కడ లోడ్ చేస్తే నెట్ అక్కర్లేదు. మనం పరీక్షించిందే అక్కడ నడుస్తుంది. డెబ్ అంటే ఒక్కో రిలీజ్‌కు ఒక్కో పని. లిక్విడ్‌సోప్ ఒక్కటే చూడండి. డెబియన్ 11లో 1.4 వరస, ఉబుంటు 22.04లో 2.0 వరస. సెట్టింగులు రాసే పద్ధతే మారిపోయింది. 1.4 కోసం రాసిన స్క్రిప్టు 2.0 మీద ఉన్నదున్నట్టు నడవదు.

డెబ్_దోస్త్ (కరీంనగర్)

జంక్షన్ తమ్ముడు చెప్పింది నిజమే. కేవలం ఇంటర్నెట్ రేడియో అయితే నేనూ డాకర్‌కే ఓటేస్తాను. కానీ ఇక్కడ ట్రాన్స్‌మిటర్ ఉంది. ధ్వని సౌండ్ కార్డు నుంచి మిక్సర్‌కు, అక్కడి నుంచి ట్రాన్స్‌మిటర్‌కు పోవాలి. కంటైనర్‌కు సౌండ్ పరికరాన్ని అప్పగించవచ్చు, అది కష్టమేమీ కాదు. కానీ ధ్వని రానప్పుడు తప్పు కార్డులో ఉందా, ఆల్సాలో (లినక్స్ సౌండ్ వ్యవస్థలో) ఉందా, కంటైనర్‌లో ఉందా అని వెతకాల్సిన చోట్లు పెరుగుతాయి. అక్కడ ఉండేది ఒక్క వాలంటీర్.

ఇంకో సంగతి. ఐస్‌కాస్ట్, పోస్ట్‌గ్రెస్‌లను డిస్ట్రో (ఉబుంటు లాంటి లినక్స్ పంపిణీ) ప్యాకేజీలుగా వాడితే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆ డిస్ట్రో దారిలోనే వస్తాయి. ఇమేజ్‌లో ఉంటే ఎవరో ఆ ఇమేజ్‌ను మళ్లీ కట్టేదాకా ఆగాలి.

రిలీజ్‌ల తలనొప్పికి నా జవాబు: ఒక్కటే ఎంచుకుందాం. లిబ్రేటైమ్ వాళ్లు సపోర్టు చేసేవాటిలో ఉబుంటు 22.04 ఉంది, దానికి మామూలు సపోర్టు 2027 వరకు. పైగా 1.4కు, 2.0కు వేర్వేరు లిక్విడ్‌సోప్ స్క్రిప్టులు లిబ్రేటైమ్ కోడ్‌లోనే ఉన్నాయి. గడువు తేదీ మాత్రం మొదటి రోజే గోడ మీద రాసి పెట్టాలి. రివెండెల్ అనే రేడియో సాఫ్ట్‌వేర్ చాలా ఏళ్లు సెంటాస్ 7 అనే లినక్స్ మీద నిలబడింది. 2024 జూన్ 30తో సెంటాస్ 7 గడువు తీరింది, ఆ స్టేషన్లన్నీ వేరే దారి చూసుకోవాల్సి వచ్చింది.

మెట్‌పల్లి_మైకు

అసలు డెబియన్‌లోకే అధికారికంగా పంపొచ్చు కదా? అప్పుడు మన సొంత రిపోజిటరీ (ప్యాకేజీలు దాచి ఉంచే చోటు) గోలే ఉండదు.

డెబ్_దోస్త్

లిబ్రేటైమ్ వెబ్ భాగం పీహెచ్‌పీ కంపోజర్ నుంచి, ఎన్‌పీఎం నుంచి చాలా లైబ్రరీలను లాక్కుంటుంది. డెబియన్‌లోకి పోవాలంటే అవన్నీ విడివిడి ప్యాకేజీలుగా ఉండాలి, ఒక్కోదాని లైసెన్సు చూడాలి. చేయదగ్గ పనే, కానీ ఈ సంఘం వాళ్లు అన్నాళ్లు ఆగలేరు. ముందు మన రిపోజిటరీ. అందులో నాణ్యత మాత్రం డెబియన్ కొలతలకు తగ్గకూడదు, లింటియన్, పైయుపార్ట్స్ అనే ప్యాకేజీ పరీక్షలు రెండూ పాసవ్వాలి.

పాకాల_పిట్ట (నర్సంపేట)

నమస్తే. నేను టెక్నికల్ మనిషిని కాదు. ఇంటర్నెట్ రేడియోలో కార్యక్రమాలు చేస్తాను, మైకు ముందు కూర్చునేవాళ్ల వైపు నుంచి చెప్తాను. మాకు ఇన్‌స్టాల్ అయిన రోజే తెలిసే కష్టాలు మూడు ఉన్నాయి.

టైము. ఉదయం 6 గంటలకు వేసిన సుప్రభాతం 11:30కి వచ్చింది. కంప్యూటర్ యూటీసీలో (మన టైము కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ టైములో) ఉందని తర్వాత చెప్పారు. మన దేశమంతా ఒకే టైము కదా, ప్యాకేజీయే ఆ సంగతి చూసుకోకూడదా?

పాటల పేర్లు. తెలుగులో పేరు పెడితే వినేవాళ్ల ఫోన్‌లో పిచ్చి గీతలు కనిపిస్తాయి. మా టీమ్ పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టింది. తెలుగు రేడియోలో తెలుగు పేరు కనిపించకపోతే నాకు బాధగా ఉంటుంది.

మూడోది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే ప్రశ్నలు. అవి తెలుగులో ఉంటే మా సంఘంలో పదో తరగతి చదివిన అమ్మాయి కూడా పెట్టగలదు.

ఓరుగల్లు_తరంగం

పిట్ట అక్కా, చాలా విలువైన మాట చెప్పారు. టైము సంగతి నేరుగా చేయగలం. ప్యాకేజీ టైమ్‌జోన్‌ను చూసి, యూటీసీలో ఉంటే "ఆసియా కోల్‌కతాకు మార్చాలా" అని అడగాలి, ముందే గుర్తు పెట్టిన జవాబు "అవును" అయి ఉండాలి. అడగకుండా మార్చడం మర్యాద కాదు, ఆ మెషీన్ మీద వేరే పనులు కూడా ఉండొచ్చు.

పేర్ల గొడవ రెండు చోట్ల పుడుతుంది. మొదటిది ఐస్‌కాస్ట్. ఎంపీ3 స్ట్రీమ్‌తో వచ్చే పేర్లు లాటిన్-1లో (యూరప్ అక్షరాల కోడ్‌లో) ఉన్నాయని అది అనుకుంటుంది. మౌంట్ సెట్టింగ్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 (తెలుగు కూడా పట్టే యూనికోడ్ రూపం) అని ఒక్క వరుస రాస్తే సరిపోతుంది. ఆ వరుస మన ప్యాకేజీలోనే రావాలి, ఎవరూ గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండకూడదు. రెండోది పోస్ట్‌గ్రెస్. లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) ఏమీ పెట్టని మెషీన్‌లో ఎక్కిస్తే డేటాబేస్ ఎస్‌క్యూఎల్-ఆస్కీగా పుడుతుంది. అప్పుడది అక్షరాలు లెక్కపెట్టదు, బైట్లు లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కొక్కటి 3 బైట్లు. "కొ" అన్నా అందులో క, ఒత్వం కలిపి 6 బైట్లు. పొడవు పరిమితి ఉన్న గడిలో పేరు పట్టదు, వెతుకులాట కూడా సరిగ్గా జరగదు. కాబట్టి సిస్టమ్ ఎలా ఉన్నా సరే, టెంప్లేట్-0 అనే ఖాళీ మూస నుంచి యూటీఎఫ్-8 అని గట్టిగా చెప్పి డేటాబేస్ సృష్టించాలి.

పాకాల_పిట్ట

పాత సీడీల నుంచి తెచ్చిన పాటల పేర్లు అను ఫాంట్లలో టైప్ చేసినవి కూడా ఉంటాయి. అవి కూడా సరి అవుతాయా?

ఓరుగల్లు_తరంగం

అవి యూనికోడ్ కావు అక్కా. ప్యాకేజీ వాటిని సరిచేయలేదు, లైబ్రరీలోకి ఎక్కించే ముందే మార్చుకోవాలి. ఆ సూచన లైబ్రరీ పేజీలో తెలుగులో పెట్టిద్దాం.

డెబ్_దోస్త్

తెలుగు ప్రశ్నల గురించి ఒక చిక్కు ఉంది. డెబ్‌కాన్ఫ్ (ప్యాకేజీ ఎక్కేటప్పుడు అడిగే) ప్రశ్నలను తెలుగులోకి మార్చడం తేలిక, పీఓ అనే అనువాద ఫైలు ఒకటి రాస్తే చాలు. కానీ డెస్క్‌టాప్ లేని సర్వర్‌లో ఆ ప్రశ్నలు వచ్చేది నల్ల కన్సోల్ మీద. లినక్స్ కన్సోల్‌కు మన ఒత్తులు, గుణింతాలు కూర్చడం రాదు. తెలుగు చదవడానికి వీల్లేకుండా వస్తుంది. ఇంగ్లీషు కంటే అదేమీ నయం కాదు.

నా సలహా: ఇన్‌స్టాల్ సమయంలో ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు. ప్యాకేజీలు మౌనంగా ఎక్కాలి. అవ్వగానే అదే నెట్‌వర్క్‌లోని ఫోన్ నుంచో, ల్యాప్‌టాప్ నుంచో బ్రౌజర్‌లో ఒక పేజీ తెరవాలి. టైమ్‌జోన్, స్టేషన్ పేరు, పాస్‌వర్డులు అన్నీ అక్కడే తెలుగులో అడుగుదాం. ఫోన్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది. స్టూడియో మెషీన్‌కు డెస్క్‌టాప్ ఉంటే దానికి ఉబుంటు నుంచే తెలుగు ఫాంట్ల ప్యాకేజీ జోడిద్దాం.

పాస్‌వర్డులు అన్నాను కాబట్టి: ఐస్‌కాస్ట్ మూలంలో వచ్చే నమూనా సెట్టింగుల్లో పాస్‌వర్డ్ "హ్యాక్‌మీ" అనే ఉంటుంది. పేరులోనే చెప్తున్నా దాన్ని మార్చకుండా వదిలేసేవాళ్లు ఉంటారు. మన ప్యాకేజీ ప్రతి మెషీన్‌కూ వేరే పాస్‌వర్డ్ తయారు చేసి పెట్టాలి.

గోదావరిఖని_గళం

కరెంటు గురించి ఎవరూ లోతుగా మాట్లాడలేదు. యూపీఎస్ ఉన్నా బ్యాటరీ ముసలిదైతే అది నిమిషాల మాటే. డీపీకేజీ (డెబ్‌లను ఎక్కించే ప్రోగ్రామ్) మధ్యలో ఆగిపోతే ప్యాకేజీ సగం కాన్ఫిగర్ అయిన స్థితిలో ఉంటుంది. కరెంటు వచ్చాక మిగిలినవాటిని కాన్ఫిగర్ చేయమనే ఆదేశం ఇస్తే పోస్ట్‌ఇన్‌స్ట్ (ఇన్‌స్టాల్ చివర నడిచే) స్క్రిప్టు మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. అది ఎన్నిసార్లు నడిచినా ఫలితం ఒక్కటే ఉండేలా రాయాలి. యూజర్ ఉంటే మళ్లీ సృష్టించొద్దు. డేటాబేస్ ఉంటే ముట్టొద్దు. పాస్‌వర్డ్ అప్పటికే తయారై ఉంటే కొత్తది తయారు చేయొద్దు, లేకపోతే ఐస్‌కాస్ట్ దగ్గర ఒకటి, లిక్విడ్‌సోప్ దగ్గర ఒకటి మిగులుతాయి. డెబియన్ పాలసీ కూడా ఇదే అడుగుతుంది.

దీన్ని కాగితం మీద ఒప్పుకుంటే చాలదు. వర్చువల్ మెషీన్‌లో ఇన్‌స్టాల్ నడుస్తుండగా ప్లగ్ పీకినట్టు ఆపేసి, మళ్లీ లేపి చూడాలి. ప్రతి రిలీజ్‌కు ముందు, ప్రతి దశలో. ఆ పరీక్ష నేను రాస్తాను.

ఇంకోటి, సౌండ్ కార్డు. రెండు కార్డులున్న మెషీన్‌లో రీబూట్ అయ్యాక 0, 1 నంబర్లు తారుమారు కావచ్చు. మానిటర్ హెచ్‌డీఎంఐ కూడా ఒక కార్డే. ధ్వని అంతా మానిటర్‌కు పోతుంటే ట్రాన్స్‌మిటర్‌లో నిశ్శబ్దం. నంబరుతో కాకుండా కార్డు పేరుతోనే సెట్టింగులు రాయాలి. మొదటి పేజీలో కార్డులన్నీ చూపించి, పక్కన "వినిపించు" బటన్ పెట్టండి. ఏ కార్డు నుంచి బీప్ వస్తే దాన్ని నొక్కుతారు.

కాజీపేట_జంక్షన్

వినిపించు బటన్ చాలా బాగుంది అన్నా. ఆ మొదటి పేజీ నేను రాస్తాను. డాకర్ మీద నా మాట ఇంటర్నెట్ రేడియోకే ఉంచుకుంటున్నాను.

ములుగు_మట్టి

తరంగం అన్న చెప్పిన సంఘంలో నేనూ ఉన్నాను. మాకు నియమాల వైపు నుంచి ఒకటి కావాలి. కమ్యూనిటీ రేడియో మార్గదర్శకాల ప్రకారం ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ 3 నెలలు భద్రపరచాలి. అంటే స్టూడియోలో ఏం వేశామో కాదు, గాలిలోకి ఏం పోయిందో రికార్డు అవుతూ ఉండాలి. ఇది విడిగా ఎవరో గుర్తుపెట్టుకుని పెట్టే పని కాకూడదు.

ఓరుగల్లు_తరంగం

తప్పకుండా. దీనికి రాటర్ అనే చిన్న ప్రోగ్రామ్ డిస్ట్రోలోనే ఉంది, గంటకో ఫైలు చొప్పున రాస్తూ పోతుంది. జాక్ అనే సౌండ్ సర్వర్ మీద పనిచేస్తుంది కాబట్టి జాక్ ప్యాకేజీని కూడా మనమే సరిగ్గా అమర్చాలి. రియల్‌టైమ్ ప్రాధాన్యం ఇవ్వాలా అని అది అడిగే ప్రశ్నకు ముందే ఉండే జవాబు "వద్దు". దాన్ని అలాగే వదిలేస్తే మెషీన్ మీద భారం పడ్డప్పుడు ధ్వని తెగే ప్రమాదం ఉంది.

డిస్క్ లెక్క: మోనో 64 కేబీపీఎస్ అయితే గంటకు సుమారు 29 ఎంబీ, 24 గంటలకు 690 ఎంబీ, 3 నెలలకు 62 జీబీ పైన. ఇప్పటి డిస్క్‌కు పెద్ద భారమేమీ కాదు. 100 రోజులు దాటినవి మాత్రమే తీసేసేలా సిస్టమ్‌డీతో (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) పెడదాం. డిస్క్ నిండుతుంటే పాతవి తీసేయకుండా తెర మీద హెచ్చరిక రావాలి, నిర్ణయం మనిషిదే. ఈ లాగర్ (రికార్డు చేసే భాగం) వేరే ప్యాకేజీగా ఉంటుంది, స్టూడియో మెటా ప్యాకేజీ (మిగతావాటన్నిటినీ తెచ్చే ప్యాకేజీ) దాన్ని తప్పనిసరిగా లాక్కుంటుంది.

మెట్‌పల్లి_మైకు

ప్యాకేజీ పర్జ్ చేసినా ఆడియో ఉండాలన్నారు. నాకు ఒక అభ్యంతరం. పర్జ్ అంటే ఆనవాలు లేకుండా పోవాలి, అదే డెబియన్ పద్ధతి. అమ్మేసే పాత కంప్యూటర్‌లో జనాల ఇంటర్వ్యూలు మిగిలిపోతే అదీ ప్రమాదమే. పోస్ట్‌గ్రెస్ కూడా పర్జ్ చేసేటప్పుడు డేటా తీసేయాలా అని అడుగుతుంది. మనమూ అడిగితే పోలేదా?

డెబ్_దోస్త్

ఇంటర్వ్యూల మాట సరైనదే. కానీ అడగడం వల్ల లాభం లేదు. భయంలో ఉన్న మనిషి, లేదా తొందరలో ఉన్న మనిషి, ఎంటర్ నొక్కేస్తాడు. దీనికి జవాబు ఫైల్‌సిస్టమ్ ప్రమాణంలోనే ఉంది. లిబ్రేటైమ్ ఆడియోను ఎస్‌ఆర్‌వీ అనే డైరెక్టరీ కింద పెడుతుంది. ఆ డైరెక్టరీ ఆ మెషీన్ నడిపేవాళ్ల సొంతం. అక్కడ వాళ్లు పెట్టినవాటిని వాళ్ల అనుమతి లేకుండా డిస్ట్రిబ్యూషన్ తీసేయకూడదని ఆ ప్రమాణం చెప్తుంది. కాబట్టి ప్యాకేజీ దాన్ని ముట్టదు. పర్జ్ చివర "మీ రికార్డింగులు ఫలానా చోట అలాగే ఉన్నాయి" అని ఒక వాక్యం చూపిస్తే చాలు. అమ్మే ముందు చెరపడానికి విడిగా ఒక ఆదేశం ఇద్దాం. దాన్ని నడపాలంటే స్టేషన్ పేరు టైప్ చేయాలి.

మెట్‌పల్లి_మైకు

స్టేషన్ పేరు టైప్ చేయించడం బాగుంది. ఒప్పుకుంటున్నాను.

ములుగు_మట్టి

అప్‌డేట్ సంగతి చెప్పండి. పొద్దున పొలం కార్యక్రమం నడుస్తుంటే మధ్యలో ఆగిపోతే రైతులు రేడియో కట్టేస్తారు, మళ్లీ పెట్టరు.

డెబ్_దోస్త్

ఇక్కడ రేడియో మిగతా సాఫ్ట్‌వేర్ కన్నా వేరు. మామూలు ప్యాకేజీ అప్‌డేట్ అవగానే సర్వీసును రీస్టార్ట్ చేస్తుంది. వెబ్‌సైట్‌కు రెండు సెకన్లు ఎవరికీ తెలియదు, రేడియోలో అది నిశ్శబ్దం. డెబ్‌హెల్పర్ అనే ప్యాకేజీలు కట్టే సాధనంలో అప్‌గ్రేడ్ అప్పుడు రీస్టార్ట్ చేయొద్దని చెప్పే ఎంపిక ఉంది. ప్లేఅవుట్ (షెడ్యూల్ ప్రకారం పాటలు పంపే భాగం), లిక్విడ్‌సోప్ సర్వీసులకు దాన్ని వాడదాం. వెబ్, ఏపీఐ (మిగతా భాగాలు సమాచారం అడిగే దారి) వేరే ప్యాకేజీగా ఉండాలి. ప్లేఅవుట్ రాబోయే షెడ్యూల్‌ను, ఫైళ్లను ముందే తెచ్చి పెట్టుకుంటుంది కాబట్టి వెబ్ భాగం కాసేపు లేకపోయినా పాట ఆగదు. ఉబుంటులో నీడ్‌రీస్టార్ట్ అనేది ఇంకోటి ఉంది. లైబ్రరీ మారితే దాన్ని వాడే సర్వీసులను రీస్టార్ట్ చేస్తుంది. మన సర్వీసులను వదిలేయమని దానికో చిన్న ఫైలు పెట్టాలి.

గోదావరిఖని_గళం

కానీ కొత్త ఏపీఐ, పాత ప్లేఅవుట్ ఎంతసేపు కలిసి బతుకుతాయి? డేటాబేస్ నిర్మాణం మారితే పాత ప్లేఅవుట్ అడిగింది కొత్త ఏపీఐ దగ్గర ఉండకపోవచ్చు.

ఓరుగల్లు_తరంగం

అందుకే స్టేషన్ నిద్రపోయే వేళ ఒకటి సెట్టింగుల్లో రాయించుకుందాం. రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు అనుకోండి. ఆ వేళ దాటి అప్‌గ్రేడ్ ఆదేశం ఇస్తే ప్యాకేజీలను తెచ్చి పెట్టుకుంటుంది కానీ మార్చదు. మార్చే ముందు డేటాబేస్ డంప్ (పూర్తి నకలు) ఒకటి తీసుకోవాలి, దానికి చోటు లేకపోతే అక్కడే ఆగిపోవాలి. మారిన వెంటనే స్ట్రీమ్‌ను ఒక నిమిషం విని చూడాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఆడియో ప్రోగ్రామ్‌లో నిశ్శబ్దాన్ని పసిగట్టే ఫిల్టర్ ఉంది. ఆ నిమిషమంతా నిశ్శబ్దమే అయితే పాత ప్యాకేజీలకు, పాత డంప్‌కు వెనక్కి వెళ్లాలి. పాత డెబ్‌లు పెన్‌డ్రైవ్‌లోనే ఉంటాయి.

కాజీపేట_జంక్షన్

పెన్‌డ్రైవ్ రిపోజిటరీ కట్టేవాళ్లకు ఒక మాట. మన ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్-మాత్రమే ఎంపికతో ఆప్ట్ నడిపితే అప్పటికే మన దగ్గర ఉన్నవి దిగవు. అక్కడికి వెళ్లాక ఆ ఒక్క లైబ్రరీ కోసం పని ఆగిపోతుంది. అప్పుడే ఎక్కించిన ఖాళీ ఉబుంటులోనే చేయాలి.

ములుగు_మట్టి

పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను, మంచి వార్త కాదు. "రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదు" అని ఆప్ట్ ఆగిపోయింది. సంతకం కీ సరిగ్గానే ఉంది.

గోదావరిఖని_గళం

మెషీన్ తేదీ ఎంత చూపిస్తోంది?

ములుగు_మట్టి

కొన్నేళ్లు వెనక ఉంది అన్నా. నెట్ లేదు కదా, తనంతట తాను సరిచేసుకోలేదు.

గోదావరిఖని_గళం

మదర్‌బోర్డు మీద నాణెంలాంటి బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 వేయండి, కరెంటు షాపుల్లో దొరుకుతుంది. దాన్ని మార్చకుండా తేదీ ఒక్కటే సరిచేస్తే కరెంటు పోయిన ప్రతిసారీ షెడ్యూల్ అంతా గల్లంతవుతుంది. తరంగం అన్నా, ఇన్‌స్టాల్ మొదలయ్యే ముందే ఒక పరీక్ష పెట్టండి: మెషీన్ తేదీ పెన్‌డ్రైవ్ తయారైన తేదీ కన్నా వెనక ఉంటే ఆగి, గడియారం సరిచేయమని చెప్పాలి. ఆప్ట్ ఇచ్చే ఆ సందేశం చూసి గడియారం తప్పు అని ఎవరికీ తట్టదు.

ఓరుగల్లు_తరంగం

ఇది నిజంగా అవసరం, చేర్చాను. ఆ స్క్రిప్టు ఆప్ట్‌ను పిలవకముందే తేదీ చూస్తుంది. కన్సోల్ మీద తెలుగు రాదు కాబట్టి సందేశం చిన్న ఇంగ్లీషు వాక్యంగా ఉంచి, దాని అర్థం పెన్‌డ్రైవ్‌తో ఇచ్చే తెలుగు కాగితంలో రాస్తున్నాను. పిట్ట అక్కా, ఆ కాగితం భాష మీరు ఒకసారి చూడగలరా?

పాకాల_పిట్ట

పంపండి, రేపు సాయంత్రానికి చదివి ఇస్తాను. ఆ పదో తరగతి అమ్మాయి చేత కూడా చదివించి, ఎక్కడ ఆగిందో గీత పెట్టి పంపుతాను.